అలంపూర్‌లో 45 నిమిషాల గైడ్ టూర్: బడి పిల్లలతో వెళ్తే గైడ్‌ను పెట్టుకోవాలా, వద్దా?

సోషల్ టీచర్, మహబూబ్‌నగర్

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్ దగ్గర ఒక సర్కారు హైస్కూల్. నిరుడు కార్తీక మాసంలో ఒక ఆదివారం 8, 9 తరగతుల పిల్లలు 46 మందిని తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపూర్ గుళ్లు చూపించడానికి తీసుకెళ్లాం. పోవడానికే రెండున్నర గంటలు. అదే రోజు బీచుపల్లి ఆంజనేయుడి గుడి కూడా చూడాలి, చీకటి పడేలోపు పిల్లలను ఇళ్లకు చేర్చాలి. జనం చూస్తే ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. అందుకని గుడి దగ్గర ఒక గైడ్‌ను మాట్లాడుకున్నాం. 45 నిమిషాల్లో అన్నీ చూపిస్తానన్నాడు. చూపించాడు కూడా. ముందు జోగులాంబ అమ్మవారు, తర్వాత బాలబ్రహ్మేశ్వరుడు, ఆ తర్వాత మిగతా గుళ్ల మధ్య నుంచి పేర్లు చెప్పుకుంటూ గబగబా నడిపించాడు. ముందున్న పదిమందికి ఆయన మాట వినిపించింది. వెనకాల వాళ్లు ముందువాళ్ల వీపులు చూసుకుంటూ నడిచారు.

మరునాడు క్లాసులో, ఏం చూశారో రాయమన్నాను. దాదాపు అందరూ రాసింది ఒకటే: అమ్మవారి తల మీద తేలు, బల్లి ఉంటాయని. పదమూడు వందల ఏళ్ల కిందటి చాళుక్యుల గుళ్ల మధ్య తిరిగి వచ్చిన పిల్లలు ఒక్క రాయి గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఆ పేపర్లు దిద్దుతుంటే నాకు చాలా బాధేసింది.

ఈ ఏడు మళ్లీ వెళ్తున్నాం. స్టాఫ్‌రూంలో మాట కలవడం లేదు. గైడ్ వద్దు, పిల్లలను వాళ్లంతట వాళ్లను చూడనివ్వాలని ఇద్దరు అంటున్నారు. గైడ్ లేకపోతే ఫోటోలు దిగి, మరమరాలు కొనుక్కుని బస్సెక్కేస్తారని మా హెడ్మాస్టర్ అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాళ్లూ రాతలూ

గైడ్ వద్దే వద్దు సార్. నేను అలంపూర్ నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి గైడ్‌తోనే తిరిగాను. నవబ్రహ్మ ఆలయాలు కాబట్టి తొమ్మిది బ్రహ్మలకు కట్టిన గుళ్లు అని ఆయన చెప్పాడు, నేను నమ్మాను. పేరులో బ్రహ్మ ఉన్నా తొమ్మిదీ శివాలయాలే. బ్రహ్మ ఇక్కడ శివుడి కోసం తపస్సు చేశాడని స్థలపురాణం. ఈ ఒక్క ముక్క గుడి గడప దగ్గరే చెప్పాల్సింది. అదే తప్పు చెబితే ఇంక పిల్లలకు ఏం మిగులుతుంది?

మూడోసారి ఒక్కణ్నే వెళ్లి విశ్వబ్రహ్మ గుడిలో కూర్చున్నాను. రాతి జాలీలోంచి ఎండ చిన్న చిన్న ముక్కలై నేల మీద పడింది. చూస్తుండగానే ఆ ముక్కలు మెల్లగా జరిగి నా కాలి మీదికి వచ్చాయి. పదమూడు వందల ఏళ్ల కింద ఒక శిల్పి రాతికి చిల్లులు పెట్టేటప్పుడు ఆ వెలుగు ఎక్కడ పడుతుందో ఆలోచించే ఉంటాడు కదా అనిపించింది. ఇది 45 నిమిషాల టూర్లో దొరకదు. కూర్చుంటేనే దొరుకుతుంది.

వనపర్తి కోడలు

పై మాటతో నేను ఏకీభవించను. గంటల తరబడి కూర్చోవడం అందరికీ కుదరదు. మా అత్తమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. ఎక్కువసేపు నడవలేదు. మేము గైడ్‌ను పెట్టుకోకపోయి ఉంటే దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేసేవాళ్లం.

ఒక సంగతి చెప్తాను. అత్తమ్మ పెళ్లయిన కొత్తలో మామయ్యతో అలంపూర్ వచ్చిందట. అమ్మవారిని బాలబ్రహ్మ గుళ్లోనే చూశానని ఎన్నో ఏళ్లుగా అంటుండేది. మేమంతా నీకు గుర్తులేదులే, అమ్మవారి గుడి వేరు, శివుడి గుడి వేరు అని కొట్టిపారేసేవాళ్లం. ఆ రోజు గైడ్ ఆమెను నీడలో కూర్చోబెట్టి, జోగులాంబ పాత గుడి 14వ శతాబ్దంలో ధ్వంసమైందని, అమ్మవారి విగ్రహాన్ని బాలబ్రహ్మ ఆలయంలో ఉంచి పూజించారని, ఇప్పుడున్న కొత్త గుడి 2005లో తయారైందని చెప్పాడు. అత్తమ్మ మా వైపు చూసి "నేను చెప్పలేదా" అంది. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే. ఆయన మాతో గడిపింది అరగంట. ఆ అరగంట మాకు చాలు.

అలంపూర్ వాసి

మాది అలంపూరే. చిన్నప్పటి నుంచీ ఆ గుళ్ల మధ్య ఆడుకున్నవాణ్ని. సార్, మీరు గైడ్ కావాలా వద్దా అని అడుగుతున్నారు. నన్నడిగితే, ముందు ఎటు నడవాలన్నది తేల్చుకోవాలి.

కార్తీక ఆదివారమైనా, శివరాత్రి అయినా, దసరా నవరాత్రులైనా జనం ఉండేది రెండుచోట్లే. అమ్మవారి గుడి, బాలబ్రహ్మ గుడి. పెద్దఎత్తున పూజలు జరిగేది అక్కడే కాబట్టి అందరూ అటే పోతారు. స్వర్గబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మల దగ్గర ఆ రోజు కూడా పిట్టల చప్పుడు వినిపిస్తుంది. గైడ్ మిమ్మల్ని ముందు గుంపులోకి తీసుకుపోయాడు, ఉన్న టైమంతా క్యూలో పోయింది, చివర్లో పది నిమిషాలు మిగిలితే గుళ్ల పేర్లు చదివాడు. తప్పంతా ఆయనదే అనలేం. గైడ్‌ను మాట్లాడుకునేది టూరుకు ఇంత అని, గంటకు ఇంత అని కాదు. సీజన్లో నాలుగు ఆదివారాలే వాళ్లకు నాలుగు రూపాయలు కళ్లచూసే రోజులు. మీరు ముందే "మాకు తొమ్మిదీ వద్దు, ఒక్కటే చూపించు, ముప్పావు గంట అక్కడే ఉండు" అని అడగండి. డబ్బులు అంతే ఇవ్వండి. సంతోషంగా ఉంటారు.

ఆ ఒక్కటీ స్వర్గబ్రహ్మ కావాలి. ఎందుకంటే దాని గోడల మీద దిక్పాలకులు, అంటే ఎనిమిది దిక్కులను కాచే దేవతలు, ఉన్నారు. పిల్లలు సూర్యుణ్ని చూసి తూర్పు గుర్తుపట్టి, అక్కడి నుంచి చుట్టూ తిరుగుతూ ఎవరు ఏ మూలన ఉన్నారో వెతకాలి. ఆగ్నేయంలో అగ్ని, దక్షిణాన యముడు, వాయవ్యంలో వాయువు. కొన్ని బాగా అరిగిపోయాయి, అందుకే వెతకడం ఇంకా బాగుంటుంది. గైడ్ వేలు పెట్టి చూపించకూడదు. పిల్లలు తప్పు చెప్పినప్పుడు మాత్రమే నోరు తెరవాలి.

ఇంకొకటి. శిఖరం పైన గుండ్రంగా, గీతలు గీతలుగా ఒక పెద్ద రాయి ఉంటుంది. దాన్ని ఆమలకం అంటారు. ఆమలకం అంటే ఉసిరికాయ. మా నాయిన నన్ను చిన్నప్పుడు గుడి ముందు నిలబెట్టి, కార్తీక దీపానికి తెచ్చిన ఉసిరికాయను నా చేతిలో పెట్టి, ఒక కన్ను మూసి దాన్ని శిఖరం పక్కన పెట్టి చూడమన్నాడు. చేతిలో కాయ, ఆకాశంలో కాయ. రెంటికీ అవే గీతలు. నలభై ఏళ్లయింది, నేను మర్చిపోలేదు. కార్తీకంలోనే వెళ్తున్నారు కదా, ఒక కిలో ఉసిరికాయలు పట్టుకెళ్లండి.

అది చూశాక పిల్లలను తారకబ్రహ్మ దగ్గరికి తీసుకుపోండి. మిగతా ఎనిమిదీ ఉత్తరాది నాగర పద్ధతి, నిటారుగా వంపు తిరిగిన శిఖరాలు. తారకబ్రహ్మ ఒక్కటే దక్షిణాది పద్ధతి. ఏది వేరుగా ఉందో చెప్పమని అడగండి. వాళ్లే చెప్తారు.

పానగల్లు

నల్లగొండ నుంచి ఒక మాట. మా ఛాయా సోమేశ్వరం దగ్గరా ఇదే గొడవ. కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం. మూడు గర్భగుళ్లలో ఒకదాని గోడ మీద, లింగం వెనకాల, పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోయినా ఆ నీడ జరగదు. ఎండ నేరుగా పడి వచ్చే నీడ కాదది, మండపంలోకి చెదిరి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకోవడం వల్ల ఏర్పడేది. శివరాత్రి నాడు జనం ఎగబడి గర్భగుడి ముందు నిలబడతారు. వెలుతురు వచ్చే దారికే అడ్డం పడతారు. నీడ కనిపించలేదని గొణుక్కుంటూ వెళ్లిపోతారు.

ఒకసారి అక్కడున్న ఒక పెద్దాయన అందరినీ స్తంభాల నుంచి పక్కకు జరగమన్నాడు. జనం రెండు పాయలుగా విడిపోయారు. అప్పుడు గోడ మీద నీడ తేటగా కనిపించింది. ఒక్కసారిగా అందరూ ఆ... అన్నారు. ఆయన మాట్లాడింది రెండు ముక్కలే. గుంపున్న చోట గైడ్ అవసరం కథలు చెప్పడానికి కంటే మనిషిని సరైన చోట నిలబెట్టడానికి ఎక్కువ.

రాళ్లూ రాతలూ

అలంపూర్ అన్న చెప్పిన ఉసిరికాయ సంగతి నాకు తెలియదు. నాలుగుసార్లు వెళ్లి శిఖరం వైపు అంత పరీక్షగా చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

కానీ నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. 46 మంది పిల్లలు ఒకచోట చేరితే వాళ్లే ఒక గుంపు. జాలీ దగ్గర 46 మంది నిలబడితే వెలుగూ ఉండదు, జాలీ కనిపించదు. ఒక గైడ్ ఎంత మంచివాడైనా అంతమందికి వినిపించేలా అరవాలి. పాత రాతి గుళ్లలో అరుపు నాకు అస్సలు నచ్చదు. పదిహేను మందికి మించకుండా జట్లు చేయండి. ప్రతి జట్టుకు ఒక టీచర్. టీచర్లు ముందు వారం వెళ్లి తామే చూసి రావాలి. పట్టదకల్లు గళగనాథ గుడి ఫోటో ఒకటి ప్రింట్ తీసుకుని పెట్టుకోండి. స్వర్గబ్రహ్మకు దగ్గరి పోలిక. కర్ణాటకలో ఉన్న ఆ గుడికీ మన గుడికీ ఒకే ఇంటి పోలికలు ఎందుకున్నాయని అడిగితే బాదామి చాళుక్యుల పాఠం అక్కడే అయిపోతుంది. పుస్తకంలో చదివించనక్కర్లేదు. ఇదంతా మీరే చేయగలిగినప్పుడు మధ్యలో గైడ్ ఎందుకు?

సోషల్ టీచర్, మహబూబ్‌నగర్

అందరికీ ధన్యవాదాలు. ముందు వారం వెళ్లి చూసి రావడమనేది మంచి మాట. అయితే ఒక ఇబ్బంది ఉంది. దర్శనం లేకుండా తీసుకొస్తే తల్లిదండ్రులు ఊరుకోరు. కొందరు పిల్లల చేతికి కొబ్బరికాయ ఇచ్చి పంపుతారు. అమ్మవారిని చూడకుండా ఎట్లా వచ్చావని ఇంట్లో అడుగుతారు. అది కాదనలేం, కాదనడం న్యాయం కూడా కాదు. క్యూ గంట పడితే మిగతాదంతా పోతుంది. టెన్షన్ అంతా దాని గురించే.

వనపర్తి కోడలు

పొద్దున్నే బయలుదేరండి సార్. ఎనిమిదికల్లా అక్కడుంటే క్యూ చిన్నగా ఉంటుంది. పిల్లలకు బస్సులోనే ఉప్మా పెట్టేయండి.

అలంపూర్ వాసి

దర్శనం తప్పకుండా చేయించండి. పిల్లలను రెండు సగాలు చేయండి. ఒక సగం క్యూలో ఉన్నప్పుడు రెండో సగం స్వర్గబ్రహ్మ దగ్గర. తర్వాత మారండి. గుళ్లన్నీ తూర్పు ముఖమే కాబట్టి పొద్దున వెళ్లినవాళ్లకు ముందు గోడ మీద ఎండ బాగా పడుతుంది. శిల్పాల ముక్కూ ముఖం తేటగా కనిపిస్తాయి. పైన ఆయన అన్నట్టు జట్లు చిన్నగా ఉండాలనేది నిజం. కానీ గైడ్‌ను పూర్తిగా వదిలేయకండి. ఇక్కడి మనిషి ఒకరు వెంట ఉంటే 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఊళ్లోకి ఎట్లా వచ్చిందో కూడా చెప్తాడు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వర గుడిని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. ఆ గుడి ముందు నిలబడి "ఇది మొదట ఇక్కడిది కాదు" అంటే పిల్లల ముఖాలు చూడాలి. అంత పెద్ద గుడిని విప్పడమేంటి, మళ్లీ కలపడమేంటి, ఏ రాయి ఎక్కడిదో ఎట్లా గుర్తుపెట్టుకున్నారు అని అడుగుతూనే ఉంటారు.

సోషల్ టీచర్, మహబూబ్‌నగర్

సరే. ఇలా అనుకుంటున్నాను. మూడు జట్లు. స్వర్గబ్రహ్మ, తారకబ్రహ్మ, కూడవెల్లి గుడి. దర్శనం పొద్దున్నే. గైడ్ ఒకరు ఉంటారు, స్వర్గబ్రహ్మ దగ్గరే ఉంటారు, మేము వంతులవారీగా పిల్లలను ఆయన దగ్గరికి తెస్తాం. మిగతా గుళ్లు ఈసారికి వదిలేస్తున్నాం. బీచుపల్లి కూడా మానేస్తున్నాం. హెడ్మాస్టర్ గారిని ఒప్పించాలి, రేపు మాట్లాడతాను.

అలంపూర్ అన్నా, ఉసిరికాయలు అక్కడే దొరుకుతాయా, ఇక్కడి నుంచి తెచ్చుకోవాలా?

అలంపూర్ వాసి

కార్తీకంలో గుడి ముందు దీపాలకు అమ్ముతారు సార్. కానీ అవి నూనె పోయడానికి పైన కోసేసి ఉంటాయి. కోయనివి అడిగి తీసుకోండి. పెద్దవి, గీతలు బాగా కనిపించేవి ఏరుకోండి. ఒక్కొక్కరికి ఒకటి.