ఏళ్లుగా నిలబడిపోయిన పాత టూరర్ బైక్ (దూరప్రయాణాల బండి), లాంగ్ రైడ్‌కి ముందు ఎక్కడ మొదలెట్టాలి?

పాత_షాఫ్ట్

అందరికీ నమస్తే. మా బాబాయి వాడిన హోండా ఎస్‌టీ1100 ఈమధ్యే నా చేతికొచ్చింది, 1994 మోడల్, పాన్ యూరోపియన్ అంటారే అదే. ఆయన ఎంత శ్రద్ధగా చూసుకున్నారంటే సర్వీస్ పుస్తకంలో ప్రతి ఆయిల్ చేంజూ తేదీతో సహా రాసుంది. కానీ నడపడం మానేశాక చాలా ఏళ్లు కవర్ కింద అలా ఉండిపోయింది. ట్యాంకులో పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోసి, కొత్త బ్యాటరీ పెడితే స్టార్ట్ అయింది, ఆ వీ4 ఇంజిన్ (నాలుగు సిలిండర్లు వీ ఆకారంలో ఉండేది) సౌండ్ వింటే ఒళ్లు పులకరించింది నిజంగా.

ఇప్పుడు సంగతేంటంటే చోక్ తీసేస్తే ఐడిల్‌లో నిలబడట్లేదు, కాస్త రేజ్ చేసి పట్టుకుంటేనే ఉంటుంది. కొంచెం దూరం తిప్పొచ్చాక ముందు చక్రం పైకెత్తి తిప్పితే ఫ్రీగా తిరగట్లేదు, బ్రేక్ పట్టేసినట్టుంది, చల్లారాక మళ్లీ మామూలే. ఐడిల్‌లో హెడ్‌లైట్ కూడా డల్‌గా ఉంటోంది. టైర్లు మాత్రం బాగానే ఉన్నాయి, గాడులు లోతుగానే ఉన్నాయి.

నేనూ మా ఆవిడా సామాన్లేసుకుని దీని మీద పెద్ద రైడ్ వెళ్లాలని ఆశ. ఒకరేమో ఇంజిన్ మొత్తం విప్పించు అంటున్నారు, ఇంకొకరు ఆయిల్ మార్చి వెళ్లిపో, హోండా కదా ఏం కాదు అంటున్నారు. ఇలాంటి బళ్లు ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఏది ముందు ఏది తర్వాత అనేది చెప్పండి ప్లీజ్.

మల్టీమీటర్_మామ

ఇంజిన్ జోలికి అస్సలు పోకు తమ్ముడూ. ఆ ఇంజిన్ సరిగ్గా ఆయిల్ మారుస్తూ వాడితే లక్షల కిలోమీటర్లు తిరిగే రకం, మీ బాబాయిగారు మార్చారని పుస్తకమే చెప్తోంది. నిలబడిపోయిన బండిలో పాడయ్యేది ఇనుము కాదు, రబ్బరూ ద్రవాలూ కరెంటు కనెక్షన్లూ. ఓడోమీటర్ చూడకు, క్యాలెండర్ చూడు. తిరిగినా తిరక్కపోయినా రబ్బరుకి వయసు మీద పడుతూనే ఉంటుంది.

ముందు బ్రేక్. ఇది తేలేదాకా బండి రోడ్డెక్కొద్దు, ఎందుకంటే పట్టేసిన బ్రేక్ వేడెక్కుతుంది, వేడికి ఫ్లూయిడ్ ఇంకా వ్యాకోచించి ఇంకా పట్టేస్తుంది, చివరికి నడుస్తుండగానే చక్రం బిగుసుకుపోవచ్చు. నువ్వు చెప్పిన లక్షణాన్ని బట్టి మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంది, కనిపెట్టడం తేలికే. లివర్ కొంచెం కొంచెంగా నొక్కి వదులుతూ బ్రేక్ పట్టేసే పరిస్థితి తెచ్చుకో, అప్పుడు మాస్టర్ సిలిండర్ (లివర్ పక్కన ఫ్లూయిడ్‌ని నెట్టే భాగం) దగ్గర హోస్ బోల్ట్ కొంచెం లూజ్ చెయ్యి, చుట్టూ గుడ్డ కట్టడం మర్చిపోకు, ఆ ఫ్లూయిడ్ పడితే పెయింట్ లేచిపోతుంది. అక్కడ లూజ్ చెయ్యగానే చక్రం ఫ్రీ అయితే మాస్టర్ లోపల ఫ్లూయిడ్ వెనక్కి రావడానికి ఉండే సన్నటి రంధ్రం మూసుకుపోయిందని అర్థం, పాత ఫ్లూయిడ్ గడ్డకట్టి అలా అవుతుంది. అక్కడ ఫ్రీ కాకుండా కింద క్యాలిపర్ (చక్రం దగ్గర డిస్క్‌ని పట్టే భాగం) మీద ఫ్లూయిడ్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్ తిప్పితే ఫ్రీ అయిందనుకో, మధ్యలో హోస్ లోపలే ఉబ్బి మూసుకుపోయింది. పైకి కొత్తదానిలా కనిపిస్తుంది కానీ, లివర్ నొక్కే బలానికి ఫ్లూయిడ్ కిందకి వెళ్తుంది, తిరిగి రాదు. నిపుల్ తిప్పినా ఫ్రీ కాకపోతే అప్పుడు క్యాలిపర్ పిస్టన్లు గానీ, క్యాలిపర్ జరిగే పిన్నులు గానీ తుప్పుపట్టాయి.

పిన్నులకి మామూలు గ్రీజ్ పెట్టకు, అది తగిలితే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి, సిలికాన్ గ్రీజే పెట్టాలి. బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 4 రకం చాలు, డాట్ 5 మాత్రం వద్దు, పేరు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ రకం, దీంతో కలవదు. డాట్ 4 గాల్లో తేమ పీల్చుకుంటుంది కాబట్టి బండి తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. నీ బండికి క్లచ్ కూడా హైడ్రాలిక్కే కదా, అందులో ఫ్లూయిడ్ సంగతి చాలామంది మర్చిపోతారు, దాన్నీ అదే రోజు మార్చెయ్.

ఇక టైర్లు. గాడుల లోతు కాదు, టైర్ పక్కన ఇంగ్లిష్‌లో DOT అని రాసున్న చోట చివర నాలుగంకెలు చూడు. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. మూడంకెలే ఉంటే 2000కి ముందు టైర్ అన్నమాట. గట్టిపడిపోయిన రబ్బరు పొడి రోడ్డు మీద ఏమీ తెలియనివ్వదు, చినుకు పడితే అప్పుడు తెలుస్తుంది. కోడ్ ఎంతుందో చూసి ఇక్కడ పెట్టు.

పైలట్‌జెట్

మామగారు బ్రేక్ గురించి చెప్పేశారు, నేను కార్బ్ (కార్బొరేటర్, పెట్రోల్‌ని గాలితో కలిపేది) గురించీ కరెంటు గురించీ చెప్తా. చోక్ లేకపోతే ఐడిల్ నిలబడట్లేదు అంటే దాదాపు ఖాయంగా కార్బ్‌లోని పైలట్ జెట్లు (ఐడిల్‌కి పెట్రోల్ వదిలే సన్నటి రంధ్రాలు) మూసుకుపోయినట్టే. పెట్రోల్ ఏళ్లు నిలవుంటే ఆవిరైపోగా మిగిలింది జిగురులా పేరుకుంటుంది, సన్నటి దారులు ముందు మూసుకుంటాయి, ఐడిల్‌కి పెట్రోల్ వెళ్లేది ఆ సన్నటి దార్లోంచే. నాలుగు కార్బ్‌లూ కలిపి దించాలి. జెట్‌లలో తీగ పెట్టి పొడవకండి దయచేసి, ఆ రంధ్రం కొలత మారితే ఇక ఎంత ట్యూన్ చేసినా సెట్ కాదు, క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. కార్బ్ లోపల పైకీ కిందకీ జరిగే స్లైడ్ పైన పల్చటి రబ్బరు డయాఫ్రమ్‌లు ఉంటాయి, లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూస్తే సూదిపోటంత చిల్లు ఉన్నా కనిపిస్తుంది. క్లీనర్ ఆ డయాఫ్రమ్‌ల మీద పడితే పాడవుతాయి, ముందు అవి తీసి పక్కన పెట్టాకే క్లీనర్ వాడండి. మళ్లీ ఎక్కించాక వాక్యూమ్ గేజ్‌తో నాలుగింటినీ సింక్ చెయ్యాలి, అంటే నాలుగూ ఒకేలా లాగేలా సర్దాలి, ఇది దాటేస్తే చేతులకి తిమ్మిరెక్కించే వైబ్రేషన్ వస్తుంది.

ఇంకో మాట, కార్బ్‌లు దించినప్పుడు ఇంజిన్ వీ ఆకారం మధ్యలో కింద కూలెంట్ గొట్టాలు కనిపిస్తాయి. అక్కడికి చెయ్యి దూరాలంటే మళ్లీ ఇంత పనీ చెయ్యాలి, కాబట్టి గొట్టాలు, ఓ రింగులు, ఇంజిన్‌కీ కార్బ్‌కీ మధ్య రబ్బరు బూట్లు అన్నీ అప్పుడే మార్చేయండి. కూలెంట్ అల్యూమినియం ఇంజిన్లకి పనికొచ్చేది, డిస్టిల్డ్ వాటర్‌తో.

హెడ్‌లైట్ డల్ గురించి. ఊహించుకోకుండా మల్టీమీటర్ పెట్టి చూడండి. రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ పొద్దున్న 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ ఆన్ చేసి మూడు నాలుగు వేల ఆర్‌పీఎమ్ దగ్గర 13.5 నుంచి 14.5 మధ్య రావాలి, 15 దాటితే రెగ్యులేటర్ (చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచేది) పోయి బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం. తర్వాత ఎవరూ చెయ్యని పరీక్ష ఒకటుంది. ఇంజిన్ నడుస్తూ లైట్లన్నీ వెలుగుతుండగా మీటర్ ఒక మొన రెగ్యులేటర్ ప్లస్ అవుట్‌పుట్ మీద, ఇంకోటి బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. ఆ రెండిటి మధ్య 0.2, 0.3 వోల్టులకంటే ఎక్కువ చూపిస్తే ఆ కరెంటు దారిలో ఏదో కనెక్టర్ పచ్చబడి గానీ కాలి గానీ ఉంది. మైనస్ వైపు కూడా అంతే. కొత్త పార్ట్ కొనకుండా కనెక్టర్ శుభ్రం చేస్తే తగ్గిపోయేవి చాలా ఉంటాయి.

1994 మోడల్ అంటే మామూలుగా 28 ఆంపియర్ల ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) ఉంటుంది, 40 ఆంపియర్లది తర్వాత వచ్చింది. 28 అంటే మొత్తం మీద సుమారు 390 వాట్లు, అందులో బండి తన కోసం వాడుకోగా మిగిలేది తక్కువే. హీటెడ్ గ్రిప్స్, ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జర్లు అన్నీ తగిలించే ముందు లెక్క వేసుకోండి.

నిదానమే_దూరం

పైన ఇద్దరూ చెప్పింది కరెక్టే కానీ నాకో అభ్యంతరం ఉంది. అన్నీ ఒకేసారి విప్పి, అన్నీ ఒకేసారి మార్చి, మర్నాడే లాంగ్ రైడ్ బయల్దేరితే దార్లో ఏదైనా తేడా వచ్చినప్పుడు అది ఏ పనివల్ల వచ్చిందో తెలియక చస్తారు. నేను బీఎండబ్ల్యూ కే75 ఏళ్లుగా నడుపుతున్నా, నా పద్ధతి ఒక పని, ఒక చిన్న రైడ్, వచ్చాక చెక్, ఆ తర్వాతే ఇంకో పని. బ్రేకులూ టైర్లూ మొదట, ఇందులో వాదన లేదు, వాటి తర్వాత కార్బ్‌లు చేసి ఊరి చుట్టుపక్కల తిప్పండి, చల్లారాక కింద అట్టముక్క పెట్టి ఏదైనా కారుతోందా చూడండి, తర్వాత ఇంకాస్త దూరం, తర్వాత ఒక రాత్రి బయట ఉండొచ్చేంత దూరం, ఆఖర్న సామాన్లతో. ఇలా చేస్తే కాస్త టైమ్ పడుతుంది నిజమే కానీ బండి మీద మీకు వచ్చే నమ్మకం ఏ మెకానిక్ మాటవల్లా రాదు.

షాఫ్ట్ డ్రైవ్ (చైన్ బదులు ఇరుసుతో వెనక చక్రాన్ని తిప్పేది) కదా చైన్ బాధ లేదని చాలామంది అటు చూడనే చూడరు, నా కోపమంతా అక్కడే. వెనక చక్రం ఫైనల్ డ్రైవ్ (షాఫ్ట్ చివర చక్రాన్ని తిప్పే గేర్ పెట్టె) లోకి ఎక్కేచోట పళ్లుంటాయి, స్ప్లైన్లు అంటారు. చక్రం తీసిన ప్రతిసారీ వాటిని తుడిచి మాలీ పేస్ట్ పెట్టాలి, మామూలు గ్రీజ్ కాదు, మాలిబ్డినం శాతం ఎక్కువున్నది. కొత్త టైర్ వేయించినప్పుడు షాపువాడు ఇది చెయ్యడు, మీరే చక్రం విప్పి తీసుకెళ్లి, ఎక్కించేటప్పుడు మీరే పెట్టుకోండి. పళ్లు చదునుగా ఉంటే మంచిది, మొనదేలి రంపంలా అయితే అరిగిపోయాయి, ఒకరోజు గేర్ పడుతుంది, ఇంజిన్ తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. మా కే సిరీస్ బళ్లలో అయితే క్లచ్ దగ్గర కూడా ఇలాంటి స్ప్లైన్లుంటాయి, వాటికి పేస్ట్ పెట్టాలంటే గేర్‌బాక్స్ వెనక్కి లాగాల్సిందే, అయినా పెడతాం. ఫైనల్ డ్రైవ్ ఆయిల్ కూడా మార్చండి, కొంచెమే పడుతుంది.

టైమింగ్ బెల్ట్ (వాల్వులని పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే పట్టీ) కూడా రబ్బరే. ఎస్‌టీ బెల్ట్‌కి గట్టిదని పేరుంది, అయినా ముందు కవర్ తీసి చూడండి, పగుళ్లు గానీ ఆయిల్ తడి గానీ ఉంటే మార్చండి. పాత హోండా గోల్డ్ వింగ్ బళ్లవాళ్లయితే చూస్తూ కూర్చోకుండా వయసుని బట్టి మార్చేస్తారు, ఆ ఇంజిన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకి తగులుతాయి.

వెనకసీటు_లక్ష్మి

నేను ముందు సీట్లోనూ వెనక సీట్లోనూ చాలా దూరాలు తిరిగినదాన్ని, బండి రెడీ అయ్యాక నడపడం గురించి రెండు మాటలు చెప్తాను తమ్ముడూ. ఆ బండి పెట్రోల్‌తో కలిపి 300 కిలోల పైనే. 28 లీటర్ల ట్యాంకు సీటు కిందే ఉంటుంది కాబట్టి నడుస్తున్నప్పుడు బరువు తెలియదు, ఆగేటప్పుడే తెలుస్తుంది. ఖాళీ చోట నడక వేగంతో ఎనిమిది అంకె వెయ్యడం ప్రాక్టీస్ చెయ్యి, వెనక బ్రేక్ కాస్త తొక్కిపట్టి, క్లచ్ సగంలో ఆడిస్తూ, చూపు వెళ్లాల్సిన వైపు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ గట్టిగా పట్టావంటే బండి పడుతుంది, అంతే. వాలులో ముందు చక్రం ఎగువకి ఉండేలా ఆపు, గేర్‌లో వదిలెయ్.

మీ ఆవిడ ఎక్కాకా సామాను కట్టాకా వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగు ముందే ఎంత నొక్కి ఉంచాలనే సర్దుబాటు) పెంచాలి. లేకపోతే వెనక కుంగి ముందు తేలికైపోతుంది, హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. బరువైనవి పక్క పెట్టెల్లో అడుగున, ముందుకి ఉండేలా సర్దండి, టాప్ బాక్స్‌లో బట్టల్లాంటి తేలికవి మాత్రమే. టాప్ బాక్స్ వెనక ఇరుసు కంటే వెనక్కి ఉంటుంది కదా, అక్కడ బరువేస్తే స్పీడులో బండి ఊగుతుంది. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడు, సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ బేరింగులు (హ్యాండిల్ తిరిగే చోట ఉండేవి) పోయాయి, ఆ ఊపుకి అదీ కారణమే.

ఇంకా, మీ ఆవిడని ఎక్కడ ఆపాలో ముందే అడుగు. వెనక కూర్చున్నవాళ్లకి రోడ్డు కనిపించదు, గుంట వస్తోందని తెలియదు, నడుము పట్టేసేది వాళ్లకే ముందు. పెట్రోల్ అయిపోయేదాకా ఆపకుండా వెళ్లడానికి 28 లీటర్ల ట్యాంకు సరిపోతుంది కానీ మనిషి సరిపోరు. గంటన్నరకోసారి దిగండి.

పాత_షాఫ్ట్

అందరికీ చాలా థ్యాంక్స్, నిజంగా ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మామా, మీరు చెప్పినట్టే చేశాను. మాస్టర్ దగ్గర లూజ్ చేస్తే ఫ్రీ కాలేదు, కింద నిపుల్ తిప్పగానే చక్రం ఫ్రీ అయింది, అంటే హోసే కదా? ముందు టైర్ కోడ్ 3408, అంటే 2008, వెనకది కూడా అదే ఏడాది. పైలట్‌జెట్ గారూ, నాలుగు వేల ఆర్‌పీఎమ్ దగ్గర రెగ్యులేటర్‌లో 14.2 వస్తోంది, బ్యాటరీ దగ్గర 13.5, మధ్యలో 0.7 పోతోంది. ఒక కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగింది. లక్ష్మి అక్కా, మీ మాట చదివి వినిపిస్తే మా ఆవిడ ఇప్పుడే ఆగే చోట్ల లిస్టు రాయడం మొదలెట్టింది. హోసులు ఒక్క ముందువే మార్చనా, అన్నీనా?

మల్టీమీటర్_మామ

అన్నీ. ముందు, వెనక, క్లచ్‌ది కూడా, అన్నిటి వయసూ ఒకటే కదా. స్టీల్ అల్లిక ఉన్నవి వేయించు, లివర్ గట్టిగా తగులుతుంది. ప్రతి బోల్ట్‌కీ రెండువైపులా కొత్త రాగి వాషర్లు, పాతవి తిరిగి వాడకు. బిగించేముందు హ్యాండిల్ ఇటు చివరి నుంచి అటు చివరిదాకా తిప్పి హోస్ ఎక్కడా లాగట్లేదు, రాసుకోవట్లేదు అని చూసుకో. ఆ కనెక్టర్ శుభ్రం చేసి ఊరుకోకు, రంగు మారిందంటే లోపల స్ప్రింగు పట్టు పోయినట్టే, కోసేసి కొత్తది క్రింప్ చెయ్యి, తర్వాత మళ్లీ అదే పరీక్ష చేసి నంబర్ చెప్పు. టైర్లు రెండూ మార్చు, కొత్తవి మొదటి 150 కిలోమీటర్లు జారతాయి, ఆ దూరం మీ ఆవిడని ఎక్కించుకోకుండా నువ్వొక్కడివే మెల్లగా తిప్పు. వెనక చక్రం విప్పినప్పుడు స్ప్లైన్ల ఫోటో తీసి ఇక్కడ పెట్టు, పేస్ట్ పెట్టకముందే.