నీటి సంఘాల మీద క్యూసీఏ: ఎఫ్‌ఎస్‌క్యూసీఏ సరిపోతుందా, ఆర్ నేర్చుకోవాలా?

అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టంతో ఏర్పడిన సాగునీటి వినియోగదారుల సంఘాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కొన్ని సంఘాలు కాలువ చివరి పొలాల దాకా నీళ్లు అందించగలిగాయి, కొన్నిటి వల్ల కాలేదు, ఎందుకన్నదే నా ప్రశ్న. ఉన్నవి 18 సంఘాలే, రిగ్రెషన్‌కి చాలవు, అందుకే ఫజీ సెట్ క్యూసీఏ (క్వాలిటేటివ్ కంపారటివ్ అనాలిసిస్): కొద్ది కేసులను పోల్చి, ఏ షరతులు కలిస్తే ఫలితం వస్తుందో చూసే పద్ధతి, ఇందులో ఒక్కో కేసుకి ఒక్కో షరతు మీద 0 నుంచి 1 మధ్య విలువ ఇస్తారు.

ఈ పద్ధతిని తెచ్చిన చార్లెస్ రాగిన్ వాళ్ల ఎఫ్‌ఎస్‌క్యూసీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం, మౌస్‌తోనే పని అయిపోతుంది. కానీ ఏ మెట్టులో ఏం ఎంచుకున్నానో మా గైడ్‌కి మళ్లీ చూపించాలంటే ఆర్‌లో (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) అడ్రియన్ దూషా రాసిన క్యూసీఏ ప్యాకేజీయే నయమనిపిస్తోంది, స్క్రిప్ట్ మిగులుతుంది కదా. కోడింగ్ నాకు బొత్తిగా కొత్త.

అసలు టెన్షన్ రెండు చోట్ల. షరతులు 5, అంటే ట్రూత్ టేబుల్‌లో (షరతులు ఉండటం, లేకపోవడం కలిసే అన్ని కలయికల పట్టిక) 32 వరుసలు, ఒక్కో సంఘం ఒక్కో వరుసలో పడినా 14 ఖాళీయే. ఒక షరతు తీసేయనా, లేక ఇంటర్మీడియట్ సొల్యూషన్ (ఖాళీ వరుసల్లో సిద్ధాంతానికి సరిపడేవాటినే వాడుకుని తేల్చే ఫలితం) చూపిస్తే సరిపోతుందా? రెండోది, క్యాలిబ్రేషన్‌లో (డేటాని ఆ 0–1 విలువలుగా మార్చడంలో) ఒక సంఘానికి ఒక షరతు మీద సరిగ్గా 0.5 వచ్చింది, దాంతో అది ఏ వరుసలోనూ చేరడం లేదు. రైతులు నాతో మనసు విప్పి మాట్లాడింది ఆ ఊళ్లోనే, దాన్ని వదులుకోలేను. 0.001 కలిపితే రివ్యూయర్లు ఒప్పుకుంటారా, లేక క్రాస్‌ఓవర్ పాయింటే (0.5 గా లెక్కించే హద్దు) మార్చి కారణం రాయాలా?

ఈ పద్ధతిలో థీసిస్ రాసినవాళ్లు ఉంటే చెప్పండి, ఆర్ స్క్రిప్ట్ నమూనా ఒకటి పంచుకున్నా చాలు.