సర్వర్ ఆగిన రోజున సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రికార్డులు చూపించాలా, వద్దా?

నల్లసిరా:
సభ్యులకు నమస్కారం. మా వైపు ఒక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇటీవల సర్వర్ నిలిచిపోయినప్పుడు రిజిస్ట్రేషన్లతో పాటు ఈసీలు (ఆస్తిపై జరిగిన లావాదేవీలను తెలిపే ధ్రువపత్రాలు), నకళ్లు, చివరకు దస్తావేజులను ఎక్కించిన పాత వాల్యూములు చూపించడం కూడా ఆపేశారు. ఇంటికి బయానా ఇచ్చి, 1970లలో జరిగిన ఒక లింకు దస్తావేజును (ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారినప్పటి పత్రాన్ని) సరిచూసుకోవలసి వచ్చిన మా బంధువుకు దొరికిన జవాబు ‘సర్వర్ రానివ్వండి’ అన్నది ఒక్కటే. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి జరిగిన లావాదేవీలనే చూపిస్తుంది కనుక, సర్వర్ వచ్చినా ఆయన వెతకవలసింది పక్కగదిలోని బీరువాలోనే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రుసుము చెల్లించి అడిగిన ఎవరైనా స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకాన్నీ, రిజిస్ట్రేషన్ నిరాకరించిన కారణాలు రాసే 2వ పుస్తకాన్నీ, 1వ పుస్తకానికి చెందిన ఇండెక్సులనూ ఎల్లవేళలా చూడవచ్చు. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు మాత్రమే అన్న షరతు అందులో లేదు. మరి ఏ అధికారంతో ఆపుతున్నారు?

పాత గుమాస్తా:
నేను ఆ శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. నల్లసిరా గారి ఆవేదన అర్థమైంది కానీ, చూపించకపోవడం వెనుక ఉన్నది బద్ధకమే అనుకోవడం న్యాయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998 చివర రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించే కార్డ్ ప్రాజెక్టు మొదలయ్యాక దస్తావేజును చేత్తో వాల్యూములోకి ఎక్కించే పద్ధతి క్రమంగా పోయి స్కానింగు వచ్చింది, చేతిరాత ఇండెక్సు కూడా దానితోనే పోయింది. కాబట్టి సర్వర్ లేని రోజున మేము చూపించగలిగేది పాత భాగం మాత్రమే. అందులో తాకట్టు ఏదీ కనిపించలేదని సంతోషించి డబ్బు చెల్లించిన మనిషి, కొత్త భాగంలో ఉన్న తాకట్టు బయటపడినప్పుడు ముందుగా వచ్చి నిలదీసేది మమ్మల్నే. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో చూడటానికి కూడా కంప్యూటరే దిక్కు. ఇక వాల్యూముల సంగతి: అంచులు పొడిపొడిగా రాలిపోయే కాగితాలను, సిబ్బంది చాలని రోజున, గుంపుగా వచ్చిన వారి చేతుల్లో పెడితే ఒక పేజీ మాయమైనా పట్టుకునేవారు ఉండరు. అరకొరగా చూపించడం కంటే ఆపడమే మేలని నేను ఇప్పటికీ అంటాను.

జిల్లా కోర్టు వకీలు:
గుమాస్తా గారి అభ్యంతరాల్లో బరువు ఉంది, కానీ అవన్నీ ఒకే పనికి సంబంధించినవి కావు. రిజిస్ట్రేషన్ చేయడం ఒకటి, ఈసీ ఇవ్వడం మరొకటి, పుస్తకం చూడనివ్వడం ఇంకొకటి. నిషేధిత జాబితా సరిచూడకుండా రిజిస్ట్రేషన్ చేయకూడదు కనుక మొదటిది ఆగవలసిందే, ఇందులో నాకు వివాదం లేదు. ఈసీ అంటే ఫలానా కాలంలో ఫలానా ఆస్తిపై ఇవి తప్ప వేరే లావాదేవీలు లేవని అధికారి సంతకంతో చెప్పే మాట కాబట్టి, పూర్తి సమాచారం లేకుండా దాన్ని ఇవ్వలేమంటే అదీ సబబే. మూడోదానికి మాత్రం ఈ కారణాలేవీ వర్తించవు, ఎందుకంటే అక్కడ కార్యాలయం ఏ హామీ ఇవ్వడం లేదు. ఉన్న పేజీని ఉన్నట్టుగా చూపిస్తున్నది, అంతే. వీలునామాలు నమోదయ్యే 3వ పుస్తకాన్ని, ఇతర దస్తావేజుల 4వ పుస్తకాన్ని చట్టమే అందరి ముందూ పరచలేదు, వాటిలో వెతకడం రిజిస్టరింగ్ అధికారి ఒక్కరే చేయాలి. అంటే ఏది దాచాలో, ఏది చూపాలో చట్టం ముందే తేల్చింది, సర్వర్ ఆగిందని ఆ గీతను కార్యాలయం జరపడానికి వీల్లేదు. పేజీలు పోతాయన్న భయానికి మందు ఎదురుగా ఒక ఉద్యోగిని కూర్చోబెట్టడమే, మామూలు రోజుల్లో జరగవలసిందీ అదే. సమాచార హక్కు చట్టంలోనూ చూడండి: 2(జె) సెక్షన్ రికార్డుల పరిశీలనను హక్కుగా చెబుతుంది, 7వ సెక్షన్ 30 రోజుల గడువు పెడుతుంది, సర్వర్ ఆగినన్ని రోజులు ఆ గడువు పెరుగుతుందని ఎక్కడా లేదు.

మేఘనిల్వ:
నేను డేటా కేంద్రాల నిర్వహణలో ఉన్నాను కనుక 1999 తరువాతి భాగం గురించి చెబుతాను. ప్రతి రాత్రీ ఇండెక్సును, స్కాన్ చేసిన బొమ్మలను మార్చడానికి వీల్లేని ప్రతిగా తీసి, నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక కంప్యూటర్‌లో ఉంచితే, ప్రధాన సర్వర్ ఆగినా నిన్నటి వరకు జరిగినది చూపించవచ్చు. నెట్‌వర్క్‌తో సంబంధం లేకపోవడమే ఇందులో కీలకం, లేకపోతే సర్వర్‌ను పట్టిన వైరసే దీన్నీ పట్టుకుంటుంది. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబరు 26న దేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకున్నప్పుడు ఆగిపోయిన వ్యవస్థలను మొదట 647 అని లెక్కించి, తరువాత 709గా సవరించారు. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ డ్రైవ్‌లోని 858 టెరాబైట్లకు బయట వేరే ప్రతి లేక అవి కాలిపోయాయి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర కోర్టుల కంప్యూటర్లు 2023 అక్టోబరు 12న సైబర్ దాడితో ఆగిపోతే, సొంత వ్యవస్థ నడుపుకుంటున్న జాన్సన్ కౌంటీ కోర్టు మాత్రం మామూలుగానే సాగింది. మిగిలిన కోర్టులు కాగితాల మీద నడిచాయి. అక్కడ గమనించవలసింది, అన్ని సేవలూ కోలుకునే దాకా ఆగకుండా రాజధాని టొపీకాలోని న్యాయ భవనంలో కొన్ని కంప్యూటర్లు పెట్టి ప్రజలు కేసుల వివరాలు చూసుకునే ఏర్పాటు చేయడం. వకీలు గారు చెప్పిన విభజనను వారు ఆచరణలో పెట్టారన్నమాట.

రైతుబిడ్డ:
ఇవన్నీ బాగానే ఉన్నాయి. పంట రుణానికి 1బి (భూమి హక్కుల రికార్డు) నకలు అడిగే బ్యాంకు, మీరు చూపించిన పేజీని చూసి అప్పు ఇస్తుందా? చూడటం వల్ల మాకు తెలుస్తుంది, పని మాత్రం జరగదు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 8న ఆగిన రిజిస్ట్రేషన్లు వ్యవసాయ భూములకు నవంబరు 2న, మిగిలిన ఆస్తులకు డిసెంబరు 14న గానీ మొదలు కాలేదు. అది ప్రభుత్వమే ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్ కోసం ఆపినది, ప్రమాదం కాదు, అయినా జనం ఎదురుచూపు ఒకటే.

జిల్లా కోర్టు వకీలు:
రైతుబిడ్డ గారి ప్రశ్నకు సగం జవాబే నా దగ్గర ఉంది. 57వ సెక్షన్ కింద అధికారి సంతకం, ముద్రతో ఇచ్చే నకలు అసలు దస్తావేజులోని విషయానికి సాక్ష్యంగా చెల్లుతుంది, అది వాల్యూము నుంచి చేత్తో రాసి ఇచ్చినా అంతే. 1బి రెవెన్యూ శాఖది కాబట్టి దానికి తహసీల్దారు సంతకంతో తాత్కాలిక నకలు ఇచ్చే ఉత్తర్వు, దాన్ని అంగీకరించమని బ్యాంకులకు సూచన వేరుగా రావాలి.

పాత గుమాస్తా:
చూడటం వేరు, ధ్రువీకరించడం వేరు అన్న మాటను ఒప్పుకుంటున్నాను. పాత వాల్యూముల వరకు నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటాను. కానీ మేఘనిల్వ గారి రాత్రి ప్రతిలో ఒక చిల్లు ఉంది. మన దగ్గర ఒక ఊరి ఆస్తిని జిల్లాలోని మరో కార్యాలయంలోనూ రిజిస్టర్ చేయించుకోవచ్చు. మా ఒక్క ఆఫీసుకే లైను తెగి, పక్క ఆఫీసు నడుస్తున్న రోజున, మేము నిన్నటి ప్రతి చూపిస్తుండగానే అక్కడ అదే స్థలం చేతులు మారవచ్చు. అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు, కొనేవాడికి తెలియదు.

మేఘనిల్వ:
నిజమే, ఆ చిల్లు పూడదు. తెర మీద ‘నిన్న రాత్రి వరకు మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో తేదీ, సమయం చూపించడం, లైను తెగిన కార్యాలయం పరిధిలోని ఆస్తులకు ఆ రోజు మిగిలిన చోట్ల కూడా రిజిస్ట్రేషన్ నిలపడం తప్ప దారి లేదు. రెండోది ప్రజలకు కష్టం. నేనైతే ఆ కష్టాన్నే ఎంచుకుంటాను.

పాత గుమాస్తా:
అలాంటి ఉత్తర్వు రిజిస్ట్రేషన్ల శాఖ అధిపతి అయిన ఇన్‌స్పెక్టర్ జనరల్ నుంచి రావాలి. పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే జాగ్రత్తలను ప్రభుత్వ ఆమోదంతో నిర్ణయించే అధికారాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 16ఏ సెక్షన్ ఆయనకే ఇచ్చింది. కాగితం మీద ఆదేశం లేకుండా గుమాస్తా బీరువా తెరిస్తే, రేపు మెమో అందేది గుమాస్తాకే.

నల్లసిరా:
అయితే సమాచార హక్కు కింద నేను అడగబోయేది ఇది: సర్వర్ ఆగినప్పుడు 57వ సెక్షన్ పరిశీలనను నిలిపివేయమని గానీ, కొనసాగించమని గానీ ఏదైనా సర్క్యులర్ ఉందా, ఉంటే నకలు ఇవ్వండి. దరఖాస్తు ముసాయిదాను రేపు ఇక్కడే పెడతాను, వకీలు గారు ఒకసారి చూసి సరిదిద్దగలరు.