బుడమేరు వరద మోడల్ రన్ చాలా స్లో, కోర్లు పెంచితే సరిపోతుందా?

ఏటిగట్టు: నమస్కారం అండి. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వరదను ఎంటెక్ ప్రాజెక్టు కోసం హెక్-రాస్ టూడీ అనే వరద సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తున్నాను. నేలను 10 మీటర్ల గళ్లుగా (సెల్స్) విడగొడితేనే రన్ రాత్రంతా పడుతోంది. గైడ్ గారేమో 5 మీటర్లకు తగ్గించమంటున్నారు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఎక్కువ కోర్లున్న (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) మెషిన్ అద్దెకు తీసుకోమంటారా?

నీటిలెక్క: ముందు పని ఎంత పెరుగుతుందో చూడండి. సెల్ సైజు సగమైతే సెల్స్ 4 రెట్లవుతాయి. టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకు ముందుకు జరిగే సమయం) కూడా ఇంచుమించు సగం చేయాలి. అంటే 8 రెట్ల పని. మోడల్ చిన్నదైతే కోర్లన్నీ వాడినా లాభం లేదు. ఒక గంట వరదను మాత్రమే 4, 8, 16 కోర్లతో నడిపి చూశాకే డబ్బు పెట్టండి.

గోదారిపాయ: మేం క్లస్టర్ (కలిపి పనిచేసే కంప్యూటర్ల గుంపు) మీద టెలిమాక్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం. మెష్‌ను (సెల్స్ అల్లికను) ముక్కలు చేసి ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కోటి ఇస్తుంది. పక్కపక్క ముక్కలు సరిహద్దులోని నీటిమట్టం, వేగం ఎంపీఐ (ప్రాసెసర్ల మధ్య సందేశాలు పంపే పద్ధతి) ద్వారా ఒకదానికొకటి పంపుకుంటూనే ఉండాలి. ముక్కలు మరీ చిన్నవైతే లెక్క కన్నా ఈ పంపకాలకే టైమ్ పోతుంది. పొడి సెల్స్‌ను వదిలేసే కోడ్‌లలో ఇంకో చిక్కుంది. గండి పడిన చోటున్న ప్రాసెసర్‌కు చేతినిండా పని, నీరు చేరని చోటుది ఖాళీ. అయినా అన్నీ ఆ ఒక్కదాని కోసం ఆగాల్సిందే.

వానాకాలం: జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉంటే లిస్‌ఫ్లడ్-ఎఫ్‌పీ 8.0 అనే వరద సాఫ్ట్‌వేర్ చూడండి. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో ప్రతి సెల్‌కూ తనవి, చుట్టుపక్కల సెల్స్‌వి పాత విలువలుంటే చాలు. అందుకే వేల సెల్స్ ఒకేసారి లెక్కకొస్తాయి. ఫలితాలను మాత్రం ప్రతి స్టెప్‌కూ డిస్కులో రాయించకండి, వచ్చిన వేగమంతా అక్కడే పోతుంది.

నీటిలెక్క: ఏటిగట్టు గారూ, టెరైన్ డేటా ఏది?

ఏటిగట్టు: ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు), 30 మీటర్లది.

నీటిలెక్క: అయితే 5 మీటర్ల సెల్స్‌తో కొత్తగా తెలిసేదేమీ ఉండదు, గైడ్ గారికి ఇదే చెప్పండి. బుడమేరు డైవర్షన్ ఛానల్ గట్ల వెంట బ్రేక్‌లైన్లు (సెల్స్ అంచులు గట్టు మీదే పడేలా చేసే గీతలు) గీసి అక్కడ మాత్రం సన్న సెల్స్ పెట్టండి. పొలాల్లో 30 మీటర్లు చాలు. గట్ల ఎత్తు సర్వే నుంచి తీసుకోండి, ఎస్‌ఆర్‌టీఎంలో గట్టు సరిగా కనిపించదు. అది తప్పితే సింగ్‌నగర్‌కు నీరు చేరే టైమే మారిపోతుంది. ఎన్ని కోర్లు పెట్టినా ఆ తప్పు పోదు.

ఏటిగట్టు: చాలా థ్యాంక్స్ అండి. గట్ల సర్వే కోసం ఇరిగేషన్ వాళ్లను అడుగుతాను. కొత్త మెష్‌తో 8, 16 కోర్ల టైమింగులు ఇక్కడే పెడతాను.