హైదరాబాద్‌లో ఉండి యిడ్డిష్ కథలు చదవాలంటే ఎలా?

నల్లకుంట పాఠకుడు:
ఐజాక్ బషేవిస్ సింగర్ కథలు ఇంగ్లీష్‌లో చదివి పిచ్చెక్కిపోయాను. 1978లో నోబెల్ వచ్చిందాయనకి, అమెరికా వెళ్లిపోయాక కూడా తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లోనే రాశాడు, చాలావరకు న్యూయార్క్ ‘ఫార్వర్ట్స్’ పేపర్లోనే వచ్చాయి. నాకు యూదులతో ఏ చుట్టరికమూ లేదు, అయినా ఆ భాషలోనే చదవాలనీ, కుదిరితే పాత యిడ్డిష్ రచయిత పెరెట్జ్ కథలు ఒకటి రెండు తెలుగులోకి తేవాలనీ ఉంది. ఇంట్లో నవ్వుతున్నారు. పుస్తకాలెక్కడ దొరుకుతాయి?

అచ్చుతప్పు:
పుస్తకాల గురించి టెన్షన్ వద్దు. అమెరికాలో ఆమ్‌హెర్స్ట్‌లో ఉన్న యిడ్డిష్ బుక్ సెంటర్ వాళ్లు వేల పుస్తకాలు స్కాన్ చేసి ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టారు. దాన్ని 1980లో మొదలుపెట్టిన ఆరన్ లాన్‌స్కీ అప్పటికి కుర్రాడు. పెద్దవాళ్లు పోతుంటే, పిల్లలకి చదవడం రాక ఇళ్లలో పుస్తకాలు చెత్తలోకి పోతున్నాయని తిరిగి తిరిగి సేకరించాడు. మొత్తం 70 వేలు మిగిలి ఉంటాయని పండితుల అంచనా, వచ్చినవేమో 10 లక్షలు దాటాయి! ఇచ్చే ముసలివాళ్లు కూడా ఊరికే ఇచ్చి పంపేవాళ్లు కాదట, కూర్చోబెట్టి తిండి పెట్టి ఒక్కో పుస్తకం కథా చెప్పేవాళ్లట.

మలక్‌పేట మావయ్య:
ఏమనుకోకు తమ్ముడూ. మా నాన్నగారు ఉస్మానియాలో ఉర్దూ మీడియంలో చదివారు, ఆయన పుస్తకాలు అటక మీదున్నాయి, మా ఇంట్లో ఒక్కరికీ చదవడం రాదు. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పెట్టిన ఉర్దూ పుస్తకాలు 2000 ఆగస్టు వరదలో మునిగితే మనలో ఎంతమందికి తెలుసు? ముందు ఇక్కడివి చూసుకుంటే బాగుంటుందేమో.

సుల్తాన్‌బజార్ టీచర్:
ఒకటి చేస్తే రెండోది చేయకూడదనేముందండీ. నాకు ఉర్దూ వచ్చు కాబట్టే యిడ్డిష్ తేలికైంది. హీబ్రూ లిపి, అదీ కుడి నుంచి ఎడమకే. పైగా ఉర్దూలో పొట్టి అచ్చులు ఊహించుకోవాలి, యిడ్డిష్‌లో అచ్చులకీ అక్షరాలున్నాయి. హీబ్రూ నుంచి వచ్చిన మాటలకి మాత్రం పాత స్పెల్లింగే, అక్కడ డిక్షనరీ తప్పదు. డుయోలింగోలో 2021 నుంచి కోర్సుంది, లిపి దాంతో పట్టేయొచ్చు.

భాష చచ్చిపోయిందని మాత్రం అనకండి, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో హసిడిక్ (మతనిష్ఠ గట్టిగా ఉన్న యూదుల) ఇళ్లలో పిల్లలు ఇప్పటికీ యిడ్డిష్‌లోనే పోట్లాడుకుంటారు. కాకపోతే వాళ్లలో చాలామంది ఈ కథల జోలికి రారు. ఇవి చదివే జనంలో ఎక్కువమందిని హిట్లర్ చంపించాడు, రాసేవాళ్లలో కొందర్ని 1952 ఆగస్టు 12న మాస్కోలో స్టాలిన్ ప్రభుత్వం కాల్చేసింది.

అనువాదం సంగతి: పెరెట్జ్ 1915లో పోయారు, మూలానికి కాపీరైట్ లేదు. ఇంగ్లీష్ నుంచి చేస్తే ఆ అనువాదకుల హక్కు అడ్డు రావచ్చు, చూసుకోండి. సింగర్ పోయింది 1991లో, అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

నల్లకుంట పాఠకుడు:
థాంక్స్ మేడమ్, అయితే పెరెట్జ్ ‘బొంట్షె’ కథతోనే మొదలుపెడతా. బతికినంతకాలం నోరెత్తని కూలీ, స్వర్గంలో ఏం కావాలంటే అది తీసుకోమంటే రోజూ పొద్దున్నే వేడి బన్నూ వెన్నా చాలంటాడు. మన ఇరానీ హోటల్లో ఎదుటి టేబుల్ మనిషే అనిపించాడు నాకు. మావయ్యా, మీ నాన్నగారి పుస్తకాలు చెదలు పట్టకముందే కిందికి దించండి, మేడమ్ కాస్త చూసిపెడతారేమో అడుగుదాం.