ప్రార్థనలో ఏమీ అనిపించనివాడికి దేవుడు తోడున్నట్టేనా?

మిర్చియార్డు గుమస్తా, గుంటూరు

అందరికీ వందనాలు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్క చూసుకోవడం, కాటా దగ్గర నిలబడటం, రైతుకు పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాసివ్వడం నా పని. తేజ రకం మిర్చి ఎంత పలికింది, తాలు కాయ ఎంత తేలింది, హమాలీ కూలి ఎంత పోయింది, పగలంతా బుర్రలో ఇవే తిరుగుతాయి. సీజనులో తెల్లవారకముందే లారీలు బారులు తీరి ఉంటాయి. ఇదంతా ఎందుకంటే, గది తలుపు వేసుకొని గంటసేపు మోకరించే మనిషిని నేను కాను. ఆ తీరిక లేదు. నిజం చెప్పాలంటే ఆ ఓపికా లేదు.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. పొద్దున ఒళ్లు తుడవడం నా వంతు. మిగతా ఒళ్లంతా ఒక ఎత్తు, ఆ కుడి చెయ్యి ఒక్కటీ ఒక ఎత్తు. పిడికిలి బిగుసుకుపోయి ఉంటుంది. వేళ్లు పట్టి లాగితే ఆయనకు ప్రాణం పోతుంది. మణికట్టును కాస్త లోపలికి వంచి, ముందు బొటనవేలు వదులు చేస్తే మిగతావి ఒక్కొక్కటే విడతాయి. అరచెయ్యి నాని తెల్లబడి ఉంటుంది, పులిసిన వాసన వేస్తుంది, గోళ్లు దిగిన చోట ఎర్రటి చారలు. తుడిచి, తడి లేకుండా ఆరనిచ్చి, మెత్తటి గుడ్డ చుట్టి లోపల పెడతాను. సాయంత్రం ఇంకో జాగ్రత్త ఉంది. యార్డు నుంచి వచ్చిన చేతులతో ఆయన ముఖం తాకకూడదు. సబ్బొక్కటే పెడితే కారం వదలదు. ముందు కొబ్బరి నూనె రుద్దుకొని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోవాలి.

అసలు సంగతికి వస్తాను. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకున్నప్పుడు ఒక పెద్దమనిషి అందరి ముందూ అన్నాడు: "మార్కు సువార్తలో పక్షవాయువు గలవాడు పరుపెత్తుకొని నడిచి వెళ్లలేదా? ఈ ఇంట్లో విశ్వాసమే ఉంటే ఈపాటికి ఈయన నడిచేవాడు. మందులను నమ్ముకున్నంత కాలం దేవుడు పక్కకు తప్పుకుంటాడు." నాన్నగారు అక్కడే ఉన్నారు. నోరు తిరగదు గానీ చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. ఎడమ చేత్తో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు.

స్వస్థత ఎందుకు రాలేదని నేను అడగడం లేదు. దానికి ఇక్కడ ఎవరి దగ్గరా జవాబు ఉండదని నాకు తెలుసు. నా సందేహం వేరు. ఆదివారం సాక్ష్యాల్లో ఒకరు ఒళ్లు జలదరించిందంటారు, ఇంకొకరు ప్రభువు భుజం మీద చెయ్యి వేసినట్టు ఉందంటారు. నాకు ఎన్నడూ ఏమీ అనిపించలేదు. ప్రార్థన చేస్తాను, ఆమేన్ అంటాను, లేచి పనిలో పడతాను. అయినా ఆయన ఉన్నాడనే నమ్ముతున్నాను. ఇది నమ్మకమా, చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటా? నాలాగే ఏమీ అనిపించకుండా ఏళ్ల తరబడి నడుస్తున్నవాళ్లు ఉంటే, మీ రోజు ఎలా సాగుతోందో చెప్పండి. వాక్యాల జాబితా మాత్రం వద్దు, దయచేసి.

యువ విశ్వాసి, మంగళగిరి

అన్నా, వందనాలు. నొప్పించాలని కాదు గానీ, ఏమీ అనిపించదు అని సరిపెట్టుకోవద్దు. ఉపవాసం ఉండి ఆయన సన్నిధిలో ప్రార్థిస్తూ కనిపెట్టుకొని ఉండండి. మన దేవుడు సజీవుడు కదా, తాకకుండా ఎలా ఉంటాడు? అనుభవం లేని భక్తి ఎండిపోతుంది. ఆ పెద్దాయన అన్న తీరు తప్పే. విశ్వాసం పెరగాలన్న మాట మాత్రం తప్పు కాదు.

బ్రాడీపేట మాస్టారు

బాబూ, జాబితా వద్దన్నారు, సరే. కానీ ఆ పెద్దమనిషి వాక్యం పట్టుకొని కొట్టాడు కాబట్టి ఆ వాక్యం దగ్గరికి ఒక్కసారి వెళ్లక తప్పదు. మార్కు 2వ అధ్యాయం ఆయన మళ్లీ చదువుకోవాలి. అక్కడ యేసు చూసింది "వారి విశ్వాసము". మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించిన మనుషులు ఉన్నారే, ముందుగా వాళ్లది. మంచం మీద ఉన్నవాడిని నీకు నమ్మకం ఎంత ఉందని ఆ ఇంట్లో ఎవరూ నిలదీయలేదు. ప్రభువు అతనితో అన్న మొదటి మాట కూడా లేచి నడవమని కాదు, నీ పాపాలు క్షమించబడ్డాయని. పౌలు చివరి రోజుల్లో తిమోతికి రాసిన ఉత్తరంలో, త్రోఫిము రోగిగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోతాడు. అక్కడ సంజాయిషీ లేదు, త్రోఫిముకు విశ్వాసం చాలలేదన్న నింద లేదు. అదే తిమోతికి కడుపు జబ్బు ఉంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చినవాడు కూడా పౌలే. అది ఆ కాలపు మందు.

మందులంటే దేవుడు తప్పుకుంటాడట! ఇలాంటి మాట గుంటూరులో పుట్టినవాడు అనవచ్చా? 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ ఈ ఊరికి వచ్చింది సువార్త కోసమే. ఆమె పేరుతో ఉన్న ఆస్పత్రి మన కళ్లముందే ఉంది. ప్రార్థనకూ మందుకూ పడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఇక మీ ప్రశ్న. మంగళగిరి తమ్ముడి ఉత్సాహం నాకు నచ్చింది గానీ, అతను చూపిన చోట మీరు వెతకవద్దు. రైతు సరుకు మీ కొట్లో దింపి, చీటీ జేబులో పెట్టుకొని వెళ్లి పడుకుంటాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టిందా లేదా అన్నదాన్ని బట్టి సరుకు కొట్లో ఉన్నట్టా, లేనట్టా? నేను లూథరన్‌ని, మా వాళ్లు నేర్పింది ఇదే. దేవుడు నాతో ఉన్నాడనడానికి ఆధారం నా గుండెలో చూసుకోమనలేదు. బాప్తిస్మంలో నా మీద నీళ్లు పోసి ఆయన పేరు పెట్టిన రోజునూ, ప్రభు భోజనంలో ఇది నీ కొరకు అని చేతిలో పెట్టే రొట్టెనూ చూడమన్నారు. రెండూ నాకు బయట జరిగినవే. నా మనసు బాగున్న పూట అవి పెరగవు, బాగాలేని పూట తరగవు. మా ఆవిడ పోయిన ఏడాది నాకూ ప్రార్థన రాలేదు. పరలోక ప్రార్థన పైకి చదివి ఊరుకొనేవాడిని. "మా అనుదినాహారము" దగ్గర ఆగి, సరే ఈ పూట అన్నం ఉంది అనుకొనేవాడిని. అంతకు మించి ఒక్క మాట కూడా నాది కాదు.

సింగ్‌నగర్ నర్సు, విజయవాడ

అన్నయ్యగారూ, మాది అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1 ఆదివారం, ఆరాధనకు తయారవ్వాల్సిన పూట బుడమేరు వాగు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఇటు బుడమేరుకు గండ్లు. మేము డాబా ఎక్కాం. పక్కింటివాళ్లు, వెనకింటివాళ్లు కూడా మా డాబా మీదికే వచ్చారు. ఎవరిదో గ్యాస్ పొయ్యి, ఎవరివో బియ్యం, ఇంకెవరిదో మంచినీళ్ల డబ్బా. కింద మురుగు నీళ్లలో ఫ్రిజ్ తలుపు తెరుచుకొని పక్కకు ఒరిగి ఉంది. చిమ్మచీకటి, దోమలు. నాకు కూడా ఏమీ అనిపించలేదు. ఎవరో పాట ఎత్తుకుంటే గొంతు కలిపాను, అంతే.

తర్వాత చర్చిలో ఒకరు లేచి, దేవుడు మా ఇంటికి ప్రత్యేకంగా పడవ పంపించాడు అని సాక్ష్యం చెప్పారు. వెనక సందులో ఉండే ఒకావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి వెళ్లిపోయింది. వాళ్ల సందు ఇరుకు. పడవ దూరక, వాళ్లకు పాల ప్యాకెట్టు చేరేసరికి బాగా ఆలస్యమైంది. మా ఇంటికి పడవ రావడం కృప అయితే ఆమె ఇంటికి రాకపోవడాన్ని ఏమనాలి? అందుకే సాక్ష్యాలను కొలబద్దగా పెట్టుకోవద్దని నా సలహా. చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. వాళ్లకు దక్కిన దానితో పక్కవాళ్లను కొలుస్తారు, మీ ఇంటికి వచ్చిన పెద్దమనిషి చేసింది అదే.

23వ కీర్తన మనందరికీ కంఠతా వచ్చు. నా శత్రువుల యెదుట భోజనం సిద్ధపరుస్తావు అంటాడు దావీదు, శత్రువులు వెళ్లిపోయారని అనడు. వాళ్లు ఎదురుగా ఉండగానే తినాలి. ఆ డాబా మీద ఉడికీ ఉడకని అన్నం తిన్నాక ఆ మాట నాకు వేరుగా వినపడుతోంది.

నా రోజు ఎలా సాగుతుందంటే, రాత్రి డ్యూటీలో వార్డు తలుపు తోసేముందు "ప్రభువా, నువ్వు ముందే లోపల ఉన్నావు" అని మనసులో అనుకుంటాను. ఒంట్లో ఏమీ కదలదు. లోపలికి వెళ్లి సెలైన్ చూస్తాను. కొన్ని రాత్రులు అనుకోవడం కూడా మరిచిపోతాను. నేను మరిచిపోయినంత మాత్రాన ఆయన బయట వరండాలో నిలబడిపోతాడని నేననుకోను.

గుణదల వాసి

మేము కేథలిక్కులం, ఒక మాట చెప్పి వెళతాను. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు మా గుణదల కొండ కింద ఇసుక వేస్తే రాలదు. కన్నీళ్లు, పాటలు, కొవ్వొత్తులు, అందరికీ ఏదో ఒకటి అనిపిస్తుంది. ఉత్సవం అయిపోయాక కొబ్బరి చిప్పలూ కరిగిన మైనమూ ఎత్తేవాళ్లలో నేనూ ఒకడిని. అప్పుడు అనిపించేది నడుం నొప్పి ఒక్కటే. మా ఫాదర్ గారు ఒకసారి బ్రదర్ లారెన్స్ గురించి చెప్పారు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ మఠంలో వంటవాడు, 1691లో చనిపోయాడు. గిన్నెల మధ్య కూడా దేవుడితోనే ఉండేవాడని అందరూ చెప్పుకుంటారు. అయితే వంటపని అంటే అతనికి స్వతహాగా గిట్టేది కాదు, మఠంలో చేరాక మొదటి పదేళ్లు లోపల చాలా నలిగిపోయానని అతనే ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ పదేళ్ల సంగతి మన ప్రసంగాల్లో రాదు.

మిర్చియార్డు గుమస్తా, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పినట్టు మా రైతులు చీటీ జేబులో పెట్టుకొని ఇంటికి వెళ్లి పడుకోరండీ. చీటీ ఉన్నా టిక్కీల మీదే దుప్పటి పరుచుకొని పడుకుంటారు, సగం రాత్రి లేచి తడిమి చూసుకుంటారు. నేనూ ఆ బాపతే. అయినా సరుకు ఎక్కడికీ పోదన్న మీ మాట పట్టుకుంటాను. మా నాన్నగారు పుట్టింది కుగ్లర్ ఆస్పత్రిలోనే.

త్రోఫిము మాట నిన్న రాత్రి ఆయనకు చదివి వినిపించాను. ఎడమ చెయ్యి ఎత్తి, మళ్లీ చదవమన్నట్టు సైగ చేశారు. చదివాను. "ఎవరు... అతను?" అని అడిగారు. నాకూ అంతకు మించి తెలియదు, పౌలు స్నేహితుడు అని చెప్పాను. దుప్పటి కప్పుకోలేదు.

మంగళగిరి తమ్ముడూ, నీ మీద కోపం లేదు. సీజనులో ఉపవాసం నా వల్ల కాదు, కాటా దగ్గర కళ్లు తిరిగి పడతాను. యార్డుకు సెలవులు ఇచ్చాక ఒకసారి మీ ప్రార్థన కూటానికి వస్తాను. నాకేమీ అనిపించకపోతే మాత్రం మళ్లీ ఉపవాసం చెప్పకూడదు.

ఆ పెద్దమనిషి మళ్లీ ప్రార్థనకు వస్తానని కబురు పెట్టాడు. రావద్దని అనలేను, వయసులో పెద్ద. ఈసారి మంచం పక్కన కాకుండా వరండాలో కుర్చీ వేస్తాను. మందుల మాట ఎత్తితే త్రోఫిము సంగతి నేనే అడుగుతాను.

నర్సమ్మగారూ, ఒక సందేహం. జావ తాగిస్తుంటే ఈమధ్య ఆయనకు తరచుగా పొలమారుతోంది. ఏం చేయాలి?

సింగ్‌నగర్ నర్సు, విజయవాడ

దాన్ని తేలిగ్గా తీసుకోకండి అన్నయ్యగారూ. పలచని జావ, మంచినీళ్లు గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీ డాక్టరుగారికి ఈ వారమే చెప్పండి. అప్పటివరకు పడుకోబెట్టి ఏదీ పట్టవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చిన్న చెంచాతో, ఒకటి మింగాకే ఇంకొకటి పెట్టండి. బుగ్గలో ముద్ద మిగిలిందేమో చూడండి, కుడి వైపు మిగిలితే ఆయనకు తెలియదు. తిన్నాక కనీసం అరగంట కూర్చోనివ్వండి. జ్వరం గానీ, తిన్న తర్వాత గొంతులో గురగుర గానీ వస్తే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. లేపేటప్పుడు ఆ కుడి చెయ్యి పట్టుకొని లాగవద్దు, భుజం కీలు జారుతుంది.

వరండాలో ప్రార్థన మంచి ఆలోచనే. పాటలప్పుడు తలుపు తీయండి, ప్రసంగమప్పుడు మీ ఇష్టం. స్పీచ్ థెరపీ వాళ్లు మాట ఒక్కటే కాదు, మింగడం కూడా నేర్పుతారు. డాక్టరుగారిని ఆ చీటీ కూడా రాయమని అడగండి.