లెట్రోజోల్ మొదలైనప్పటి నుంచి కలయికలో మంట, ఎవరిని అడగాలి?

నాకు 47 ఏళ్లు, మాది హనుమకొండ. గర్భసంచి ఆపరేషన్ అప్పుడే అండాశయాలు కూడా తీసేశారు. పోయినేడాది రొమ్ము ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇప్పుడు రోజుకో లెట్రోజోల్ గోలీ. మూడు నెలల నుంచి కింద అంతా ఎండిపోయినట్టుంది, మా ఆయన దగ్గరికి వస్తే బ్లేడుతో గీసినట్టు మంట. రెండుసార్లు ఓర్చుకున్నా, మూడోసారి ఏడ్చేశాను. అప్పటి నుంచి ఆయన భయపడి హాల్లో పడుకుంటున్నారు. చెకప్‌కు పోతే పక్కన తమ్ముడు కూర్చుంటాడు, వాడి ముందు ఎట్లా అడగాలె? గోలీ ఆపేస్తే తగ్గుతుందా?

జవాబు
చెల్లె, నీ అంతట నువ్వు గోలీ మాత్రం ఆపకు. నాకు ఇది నాలుగో ఏడు. మన రకం క్యాన్సర్‌కు ఈస్ట్రోజన్ మేత లాంటిది, అందుకే లెట్రోజోల్ ఆ హార్మోన్‌ను ఒంట్లో తయారు కానివ్వదు. కానీ యోనిని మెత్తగా, తడిగా ఉంచేది కూడా అదే. అంతే తప్ప నీకు ఆయన మీద ఇష్టం తగ్గి కాదు, ఆ మాట ఆయనకూ చెప్పు. కలయిక వల్ల క్యాన్సర్ అంటుకోదు, తిరగబెట్టదు.

హార్మోన్ లేని వెజైనల్ మాయిశ్చరైజర్ వారానికి రెండు మూడుసార్లు రాత్రిపూట వాడాలి, కలయిక ఉన్నా లేకున్నా, చలికాలం మడమలకు వ్యాజిలిన్ రాసినట్టే. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. కలయిక సమయానికి లూబ్రికెంట్ జెల్ వేరే, అది ఇద్దరూ ధారాళంగా రాసుకోవాలి. వాసన ఉన్నవి, వేడి పుట్టించేవి వద్దు. సబ్బు, డెట్టాల్ నీళ్లతో లోపల కడగడం మానెయ్, ఉత్త నీళ్లు చాలు. నొప్పి ఓర్చుకోకు, ఓర్చుకున్నకొద్దీ భయంతో కండరాలు బిగుసుకుని ఇంకా నొప్పి అవుతుంది. ఈస్ట్రోజన్ క్రీములు మాత్రం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు, క్యాన్సర్ డాక్టర్ చెబితేనే. లెట్రోజోల్ వాడేవాళ్లకు అవి రాయడానికి వాళ్లు మరీ జాగ్రత్త పడతారు.

నాకు నోరు తెరవడానికి ఏడాది పట్టింది. చివరికి నోట్‌బుక్ కాగితం సగం చింపి "కలయికలో నొప్పి, తడి లేదు, ఒంటరిగా మాట్లాడాలి" అని రాసి ఫైల్లో రక్తం రిపోర్టు మీద క్లిప్పు పెట్టాను. మేడం చదివి మా కొడుకుతో "బాబూ, బయట కూర్చో" అన్నారు, అంతే. లోపల ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేశారు, ఆ పరీక్ష నీకూ కావాలి. రక్తం కనిపిస్తే మాత్రం చెకప్ దాకా ఆగకు.

ఇంకొకరు, కాజీపేట నుంచి
అక్క చెప్పినవన్నీ నిజమే. నాలాగా టామోక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్‌కే ఇచ్చే ఇంకో హార్మోన్ మందు) వాడే చిన్న వయసు వాళ్లకు ఒక మాట: నెలసరి ఆగినా గర్భం రావచ్చు, ఆ మందు మీద ఉండగా రాకూడదు. హార్మోన్ గోలీలు పనికిరావు, కండోమో కాపర్‌టీయో వాడాలి. దిగులుకు మందు రాయించుకుంటే టామోక్సిఫెన్ సంగతి తప్పకుండా చెప్పండి, పారాక్సెటిన్ లాంటివి దాని పనిని తగ్గిస్తాయి.

అడిగినావిడ
అక్కా, ఆయనకు మీ మెసేజ్ చూపించాను. రెండుసార్లు చదివి, ముందే చెప్పొచ్చు గదా అన్నారు. గురువారం చెకప్ ఉంది, చిట్టీ రాసి ఫైల్లో పెట్టుకున్నా. ఈసారి తమ్ముణ్ని వద్దన్నా, ఆయనే వస్తున్నారు.